స్నో, స్లీట్, ఫ్రీజింగ్ రెయిన్: ఉత్తర టెక్సాస్‌లో శీతాకాలపు వాతావరణ సూచనను చదివి సిద్ధపడే పద్ధతి

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా డల్లాస్, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల తెలుగు కుటుంబాలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఫోనులో మంచు బొమ్మ కనిపిస్తోంది, రేపు బయటికి వెళ్లవచ్చా?" ఆ బొమ్మను చూసి సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఏ పేజీని ఎప్పుడు తెరవాలో, అందులో ఏ అంకెను ముందు చూడాలో, దాన్ని బట్టి ఇంట్లో ఏ పని చేయాలో వరుసగా కింద వివరిస్తున్నాను.

ఇందులోని వివరాలు డల్లాస్–ఫోర్ట్‌వర్త్ ప్రాంతానికి చెందినవి. ఫ్రీజింగ్ రెయిన్ తరచుగా పడే ఓక్లహోమాలోనూ, నార్త్ కరోలినాలోని షార్లెట్, రాలీ నగరాల్లోనూ ఇదే వరుసను పాటించవచ్చు. అక్కడి వాతావరణ కార్యాలయం, అక్కడి హెచ్చరిక ప్రమాణాలు మాత్రం వేరుగా ఉంటాయి.

1. ముందుగా "మంచు" అనే మాటను విడదీసుకోండి

తెలుగులో పొగమంచూ మంచే, గడ్డి మీది మంచూ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. "రేపు మంచు పడుతుందట" అని ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు అసలు ప్రమాదం ఏమిటో తెలియకుండా పోయేది ఈ ఒక్క మాట వల్లనే. సూచనలో కనిపించే నాలుగు రకాలను వాటి పేర్లతోనే గుర్తుపెట్టుకోవాలి.

- స్నో: మేఘం నుంచి నేల దాకా గాలి గడ్డకట్టే స్థాయికి దిగువనే ఉంటే రేకులు రేకులుగా పడుతుంది.
- స్లీట్: మధ్యలో వెచ్చని గాలి పొర ఉండి రేకు కరిగిపోతుంది. ఆ కింద మందమైన చల్లని పొర ఉంటే ఆ నీటిబొట్టు తిరిగి గడ్డకట్టి గుళికగా మారుతుంది. తగిలిన చోట ఎగిరిపడుతుంది, కిటికీ అద్దం మీద పోపులో ఆవాలు చిటపటలాడినట్లు వినిపిస్తుంది.
- ఫ్రీజింగ్ రెయిన్: కింది చల్లని పొర పలుచగా ఉండటం వల్ల బొట్టు గాలిలో గడ్డకట్టే వ్యవధి ఉండదు. వానగానే పడి, తాకిన వస్తువు మీద గాజుపూతలా గడ్డకడుతుంది.
- ఫ్రీజింగ్ డ్రిజిల్: అదే పని చేసే సన్నని తుంపర.

ఉత్తర టెక్సాస్‌లో ఈ నాలుగూ ఒకే తుపానులో కలిసి రావడానికి కారణం ఉంది. ఉత్తరాన ఉన్న మైదానాల మీదుగా దిగివచ్చే చల్లగాలి బరువైనది కాబట్టి నేలను అంటిపెట్టుకుని పలుచని పొరగా పరుచుకుంటుంది. గల్ఫ్ వైపు నుంచి వచ్చే వెచ్చని తేమగాలి దాని పైకెక్కి ప్రయాణిస్తుంది. ఆ వెచ్చని పొర ఒకటి రెండు డిగ్రీలు మారినా మీ వీధిలో పడేది మారిపోతుంది. అందువల్లనే ప్లేనోలో స్నో పడుతున్న గంటలోనే దక్షిణాన వాక్సహాచీలో ఫ్రీజింగ్ రెయిన్ పడవచ్చు.

ఈ నాలుగింటిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఫ్రీజింగ్ డ్రిజిల్‌కే. దాని మేఘం నేలకు దగ్గరగా ఉంటుంది కనుక రాడార్ కిరణం చాలాసార్లు దాని పైనుంచి వెళ్లిపోతుంది, తెర మీద ఏమీ కనిపించదు, రోడ్డు తడిసినట్లు మాత్రమే అనిపిస్తుంది. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్‌లో ఇంటర్‌స్టేట్ 35 డబ్ల్యూ మీద 130కి పైగా వాహనాలు ఒకదానికొకటి గుద్దుకుని ఆరుగురు మరణించినప్పుడు రోడ్డు మీద ఉన్నది కంటికి ఆనని సన్నని మంచుపూతే.

2. సీజన్ మొదలుకాకముందే ఈ ఏర్పాట్లు చేసుకోండి

- నేషనల్ వెదర్ సర్వీస్ వారి వెదర్ డాట్ గవ్ పేజీలో మీ జిప్ కోడ్ ఇచ్చి, వచ్చిన పేజీని ఫోను తెర మీద దాచుకోండి.
- ఫోర్ట్‌వర్త్ వాతావరణ కార్యాలయం వారి పేజీని, రాష్ట్ర రవాణా శాఖ వారి డ్రైవ్ టెక్సాస్ రోడ్ల పటాన్ని కూడా అలాగే దాచుకోండి.
- మీ ప్రాంతంలో కరెంటు తీగలు చూసుకునే సంస్థ వారి అంతరాయాల పేజీలో మీ చిరునామాను, ఫోను నంబరును నమోదు చేయండి. మీకు బిల్లు పంపే సంస్థ, తీగలు చూసుకునే సంస్థ టెక్సాస్‌లో చాలాచోట్ల వేర్వేరు.
- ఇంటి ఉత్తర దిక్కున, ఎండ తగలని చోట ఒక థర్మామీటరు పెట్టండి.
- వీలైతే బ్యాటరీతో పనిచేసే వెదర్ రేడియో ఒకటి కొనండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. టోర్నడో వార్నింగ్ వచ్చినప్పుడు ఫోను గట్టిగా మోగినట్లు, వింటర్ స్టార్మ్ వార్నింగ్‌కూ ఐస్ స్టార్మ్ వార్నింగ్‌కూ మోగదు. అత్యవసర ఫోను సందేశాల పట్టికలో అవి లేవు. ఫోను మోగలేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. మనమే వెళ్లి చూడాలి.

3. ఐదు రోజుల ముందు: అంగుళాలను వదిలి, చర్చను చదవండి

ఈ దశలో వాట్సాప్ గుంపుల్లో రంగురంగుల పటాలు తిరుగుతాయి. "ఫ్రిస్కోకు 11 అంగుళాలు" అని ఒకరు పంపితే అందరూ భయపడతారు. ఆ పటం సాధారణంగా ఒకే మోడల్, అంటే వాతావరణాన్ని అంచనా వేసే ఒకే కంప్యూటర్ ప్రోగ్రాము, ఒకే పూట లెక్కగట్టిన ఫలితం. అదీగాక ఒక అంగుళం నీరు పది అంగుళాల స్నో అవుతుందనే స్థిరమైన లెక్కతో, కొన్నిసార్లు స్లీట్‌ను కూడా స్నోలో కలిపేసి గీసినది. ఆరు గంటల తర్వాత అదే మోడల్ మరో మాట చెబుతుంది.

దానికి బదులు ఫోర్ట్‌వర్త్ కార్యాలయం రోజూ రాసే ఫోర్‌కాస్ట్ డిస్కషన్‌ను తెరవండి. ఇది అక్కడి నిపుణులు తమ ఆలోచనను వాక్యాల్లో రాసే పత్రం. కొంత సాంకేతికంగా ఉన్నా భయపడనవసరం లేదు, మూడు సంగతులు వెతికితే చాలు.

మొదటిది, చల్లగాలి వచ్చే సమయం. రెండోది, పైపొరలోని వెచ్చదనాన్ని గురించిన ప్రస్తావన, అంటే "వార్మ్ నోస్" అనే మాట. అది కనిపిస్తే స్నో కన్నా స్లీట్‌కూ ఫ్రీజింగ్ రెయిన్‌కూ ఎక్కువ అవకాశం ఉన్నట్లు. మూడోది, రాసినవారి నమ్మకం. "కాన్ఫిడెన్స్" అనే పదం పక్కన తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని ఏముందో చూడండి. నిన్నటి మాటకూ ఈనాటి మాటకూ పోలిక చూస్తే ఆ నమ్మకం పెరుగుతోందో తగ్గుతోందో తెలుస్తుంది.

ఈ దశలో చేయవలసిన పని ఒక్కటే: మందులు, పసిపిల్లల పాలపొడి వంటివి వారానికి సరిపడా ఉన్నాయో లేదో చూసుకోవడం.

4. మూడు రోజుల నుంచి ఒక రోజు ముందు: వాచ్, అడ్వైజరీ, వార్నింగ్

వాచ్ అంటే పెద్ద తుపాను రావచ్చు, ఇంకా ఖాయం కాలేదు అని. సరుకులు తెచ్చుకోవలసిన సమయం ఇదే. వార్నింగ్ అంటే తీవ్రమైన పరిస్థితి దాదాపు ఖాయమైంది లేదా మొదలైంది అని. అడ్వైజరీ అంటే హెచ్చరిక ప్రమాణాన్ని అందుకోనంత తక్కువ మోతాదులో రాబోతోంది అని.

అడ్వైజరీని తేలికగా తీసుకోకండి. సాధారణంగా పావు అంగుళం మంచుపూత పడుతుందనుకుంటేనే ఐస్ స్టార్మ్ వార్నింగ్ ఇస్తారు. పావు అంగుళం అనేది చెట్ల కొమ్మలకూ కరెంటు తీగలకూ సంబంధించిన కొలత. కారు చక్రం జారడానికి అందులో ఇరవయ్యో వంతు కూడా అవసరం లేదు. ఇంటికి వార్నింగ్ ప్రమాదకరమైతే కారుకు అడ్వైజరీ కూడా అంతే ప్రమాదకరం.

ప్రకటనలో "వాట్", "వేర్", "వెన్", "ఇంపాక్ట్స్" అనే భాగాలుంటాయి. చాలామంది మొదటిది చదివి ఆపేస్తారు. "వెన్" భాగంలోని మొదలు, ముగింపు సమయాలను కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి.

5. గంటల వారీ గ్రాఫ్‌ను చదవడం

ఈ మార్గదర్శిలో ఇంకేమీ చదవకపోయినా ఈ భాగాన్ని చదవండి. జిప్ కోడ్ పేజీలో అడుగున అవర్లీ ఫోర్‌కాస్ట్ అనే గ్రాఫ్ ఉంటుంది. అందులో ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత; ఇది ఎంత తక్కువైతే గాలి అంత పొడిగా ఉన్నట్లు), గాలి, వానకు అవకాశంతో పాటు రెయిన్, స్నో, ఫ్రీజింగ్ రెయిన్, స్లీట్‌లకు విడివిడి వరుసలుంటాయి. ఈ క్రమంలో చూడండి.

మొదట: ఉష్ణోగ్రత గీత 32 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే 0 సెల్సియస్‌ను, ఏ గంటకు దాటి కిందికి దిగుతోందో, మళ్లీ ఏ గంటకు పైకి వస్తోందో గుర్తించండి.

తర్వాత: ఆ రెండు గంటల మధ్య ఏ వరుసలో పట్టీలు నిండి ఉన్నాయో చూడండి. స్నో వరుస ఖాళీగా ఉండి ఫ్రీజింగ్ రెయిన్ వరుసలో "లైక్లీ" అని ఉంటే ఆ గంటల్లో ప్రయాణం రద్దు చేసుకోవాలి. "స్లైట్ ఛాన్స్" అంటే సుమారు 20 శాతం, "ఛాన్స్" అంటే 30 నుంచి 50 శాతం, "లైక్లీ" అంటే 60, 70 శాతం.

ఆపైన: డ్యూ పాయింట్. ఎక్కువమంది వదిలేసేది దీన్నే. ఉదాహరణకు సాయంత్రం ఆరింటికి ఉష్ణోగ్రత 36, డ్యూ పాయింట్ 20 ఉన్నాయనుకోండి. "36 కదా, వానే పడుతుంది" అని ఎవరైనా అనుకుంటారు. కానీ పొడిగాలిలో పడిన వాన కొంత ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. వేసవిలో కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ ఉన్న తేడాలో మూడో వంతును ఉష్ణోగ్రత నుంచి తీసేస్తే వాన మొదలయ్యాక ఎంతదాకా చల్లబడుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఇక్కడ తేడా 16, అందులో మూడో వంతు సుమారు 5, కాబట్టి 31. భోజనానికి పిలిచిన స్నేహితుల ఇంటికి మామూలు వానలో వెళ్లినవారు తొమ్మిదింటికి గాజుపలక మీద తిరిగి రావలసి వస్తుంది.

చివరగా: వంతెనలు. సూచనలోని ఉష్ణోగ్రత నేలకు సుమారు రెండు మీటర్ల ఎత్తున ఉన్న గాలిది. వంతెనకు పైనుంచీ కిందినుంచీ చల్లగాలి తగులుతుంది, నేలలోని వెచ్చదనం అందదు. రోడ్డు తడిగా ఉన్నప్పుడే ఫ్లైఓవర్ గడ్డకట్టి ఉంటుంది. యూఎస్ 75, ఇంటర్‌స్టేట్ 635 కలిసే హై ఫైవ్ కూడలిలో రోడ్లు ఐదు అంతస్తులుగా ఉంటాయి. మీరు రోజూ వెళ్లే దారిలో అలాంటి ఎత్తైన ర్యాంపులు ఎన్ని ఉన్నాయో ఎండ కాసే రోజునే లెక్కపెట్టుకోండి.

6. మంచుపూత అంకెలు

స్నో అంగుళాలనూ మంచుపూత అంగుళాలనూ ఒకే త్రాసులో తూచకూడదు. "స్నో 2 అంగుళాలు" కన్నా "ఐస్ 0.2 అంగుళాలు" అనే మాట చాలా పెద్దది.

- 0.01 నుంచి 0.1 దాకా: వంతెనలు, మెట్లు, పార్కింగ్ స్థలాలు జారుడుగా మారతాయి.
- 0.25 దగ్గర: కొమ్మలు వంగి విరుగుతాయి, అక్కడక్కడ కరెంటు పోతుంది.
- 0.5, ఆపైన: ఒక స్తంభం నుంచి మరో స్తంభం దాకా ఉన్న తీగ మీద సుమారు 500 పౌండ్ల బరువు అదనంగా పడవచ్చు. రోజుల తరబడి కరెంటు ఉండకపోవచ్చని సిద్ధపడాలి.

7. ఒక రోజు ముందు ఇంట్లో చేయవలసిన పనులు

2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మా ఇంట్లో కరెంటు పోయింది. మరునాడు డల్లాస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో కనిష్ఠ ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్. ఆ రెండు రోజుల్లో నేను నేర్చుకున్నదే ఈ జాబితా.

నీళ్లు:
- తోటలోని రబ్బరు పైపును కుళాయి నుంచి విప్పి, కుళాయికి ఫోమ్ తొడుగు వేయండి. స్ప్రింక్లర్‌ను ఆపండి.
- బయటి గోడను ఆనుకుని ఉన్న కుళాయిల నుంచి, వేడినీళ్ల వైపూ చన్నీళ్ల వైపూ సన్నని ధార వదలండి. సింకు కింది అల్మారా తలుపులు తెరిచి ఉంచండి.
- ఇంటి మెయిన్ వాల్వ్ ఎక్కడుందో కనుక్కుని, ఒకసారి తిప్పి చూడండి. కొన్ని ఇళ్లకు రోడ్డు పక్కన మీటరు పెట్టెలో మాత్రమే ఉంటుంది, దానికి ప్రత్యేకమైన తాళపుకర్ర కావాలి. పైపు పగిలి పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నప్పుడు దాన్ని వెతకడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది.

వంట, వెలుతురు:
- మీది ఎలక్ట్రిక్ పొయ్యి అయితే కరెంటు ఉండగానే రెండు పూటలకు పులిహోర కలిపి ఉంచండి. అటుకులు, మరమరాలు, వేయించిన పల్లీలు, పండ్లు, బ్రెడ్ దగ్గర పెట్టుకోండి. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి ఉంచండి.
- తాగునీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున మూడు రోజులకు సరిపడా పట్టి ఉంచండి.
- టార్చిలైట్లు, పవర్ బ్యాంకులు నిండుగా ఛార్జి చేయండి.
- కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీని మార్చండి.

కారు:
- సగం ట్యాంకు తగ్గకుండా ఇంధనం నింపండి. వైపర్లను ఎత్తి ఉంచండి.
- అద్దం గీకే స్క్రేపర్‌ను కారులో కాదు, ఇంట్లో పెట్టుకోండి. తలుపు గడ్డకట్టి తెరుచుకోకపోతే లోపలున్న స్క్రేపర్ వల్ల ఉపయోగం లేదు.

ఆ వారం ఇండియాకు వెళ్తున్నవారు హీటర్‌ను పూర్తిగా ఆపివేయకూడదు. 55 ఫారన్‌హీట్‌కు తగ్గకుండా పెట్టి, మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలు తెరిచి గొట్టాలలోని నీళ్లు వదిలేసి, పక్కింటివారికి తాళం ఇచ్చి వెళ్లండి. మెయిన్ వాల్వ్ కట్టడం కుదరని అపార్టుమెంటులో కుళాయిలు సన్నగా కారేలా ఉంచే బాధ్యతను తెలిసినవారికి అప్పగించండి.

8. తుపాను నాడు

నిద్ర లేవగానే రోడ్డును చూడకండి. రోడ్డు చాలాసార్లు చివరన గడ్డకడుతుంది. ముందు కారు సైడ్ అద్దాన్ని, మెయిల్ బాక్సు పైభాగాన్ని, మెట్ల పక్కనున్న ఇనుప రెయిలింగ్‌ను చూడండి. మా ఇంటి ముందున్న క్రేప్ మర్టల్ చెట్టు కొమ్మల చివర్లే నాకు మొదటి గుర్తు. నీటిబొట్టు వేలాడుతూ రాలకుండా నిలిచిపోయి, వేలితో తాకితే చల్లని గాజుపూసలా గట్టిగా తగిలిందంటే ఆ రోజు కారు తాళాలు తీయను.

తప్పనిసరిగా నడవవలసి వస్తే, తడిసిన నున్నటి గచ్చు మీద నడిచినట్లు పాదమంతా ఒకేసారి ఆనిస్తూ, చిన్న అడుగులు వేస్తూ, చేతులు జేబుల్లో పెట్టుకోకుండా నడవండి. తప్పనిసరిగా కారు నడపవలసి వస్తే వంతెన ఎక్కకముందే వేగం తగ్గించుకోండి, వంతెన మీద బ్రేకు వేయకండి, స్టీరింగు ఒక్కసారిగా తిప్పకండి. ఆల్ వీల్ డ్రైవ్ కారు కదలడానికి సాయపడుతుంది కానీ గాజుపూత మీద ఆగడానికి సాయపడదు.

9. కరెంటు పోతే

అందరూ ఒకే గదిలో చేరి, తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి, పొరలు పొరలుగా దుస్తులు వేసుకోండి. ఫ్రిజ్ తలుపు తెరవకుంటే లోపలి పదార్థాలు సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లోనివి సుమారు 48 గంటలు చల్లగా ఉంటాయి.

బొగ్గుల కుంపటి, బార్బెక్యూ గ్రిల్, క్యాంపు పొయ్యి, జనరేటర్: వీటిలో దేన్నీ ఇంట్లో గానీ గ్యారేజీలో గానీ వెలిగించకండి. గ్యారేజీ తలుపు తెరిచి ఉన్నా సరే, అందులో కారు ఇంజను ఆన్ చేసి వెచ్చదనం కోసం కూర్చోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. 2021లో టెక్సాస్‌లో చలికి తట్టుకోలేక ఇలా చేసి ప్రాణాలు కోల్పోయినవారున్నారు. తలనొప్పి, తల తిరగడం, వికారం ఒకేసారి ఇద్దరు ముగ్గురికి వస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చి 911కు ఫోను చేయండి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

గడ్డకట్టిన కారు అద్దం మీద వేడినీళ్లు పోయడం. అద్దం పగులుతుంది. కారు స్టార్ట్ చేసి డీఫ్రాస్ట్‌ను పది, పదిహేను నిమిషాలు పెట్టి, ఆ తర్వాత గీకండి. కారు గ్యారేజీలో ఉంటే ముందు బయటికి తీయండి.

పైపు గడ్డకట్టిందని మంట చూపించడం. కుళాయి తెరిచి ఉంచి, కుళాయి వైపు నుంచి వెనక్కి హెయిర్ డ్రయర్‌తో మెల్లగా వేడి చేయండి. పగులు కనిపిస్తే మెయిన్ వాల్వ్ కట్టేయండి.

పటంలోని సమయాన్ని మన సమయం అనుకోవడం. అంకె పక్కన "జెడ్" అని ఉంటే అది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం. శీతాకాలంలో మన సమయం తెలియాలంటే అందులోంచి ఆరు గంటలు తీసేయాలి. 12 జెడ్ అంటే ఉదయం 6 గంటలు.

మధ్యాహ్నం కరిగింది కదా అని రాత్రి బయలుదేరడం. కరిగిన నీరు సూర్యాస్తమయం తర్వాత తిరిగి గడ్డకడుతుంది, నీడ పడే మలుపుల్లో మరునాడు పది గంటల దాకా ఉంటుంది. గంటల వారీ గ్రాఫ్‌లో ఉష్ణోగ్రత 32ను దాటి కనీసం కొన్ని గంటలు అక్కడే నిలిచిందా, రాత్రి మళ్లీ దిగుతోందా అని చూడండి.

తీవ్రమైన చలిలో మామూలు ఉప్పు చల్లడం. 15 ఫారన్‌హీట్ దిగువన రాక్ సాల్ట్ పెద్దగా పనిచేయదు. మెట్ల మీద పట్టు కోసం ఇసుక చల్లండి.

11. తుపాను తగ్గాక

విరిగి వేలాడుతున్న కొమ్మల కింద నిలబడకండి. తెగిపడిన తీగకు దూరంగా ఉండి, తీగల సంస్థకు తెలియజేయండి. కుళాయిల ధారను ఉష్ణోగ్రత 32 పైన స్థిరపడ్డాకే ఆపండి. అటక మీదికెక్కి గొట్టాల వెంట తడి ఉందేమో టార్చిలైటుతో చూడండి, ఎందుకంటే గడ్డకట్టినప్పుడు పడిన పగులు కరిగిన తర్వాతే కారడం మొదలుపెడుతుంది. నష్టం కనిపిస్తే తుడవకముందే ఫోటోలు తీసి బీమా సంస్థకు పంపండి.

ఆ తర్వాత ఒక నోటు పుస్తకంలో నాలుగు వరుసలు రాసుకోండి: సూచన ప్రకారం కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత, మీ థర్మామీటరు చూపినది ఎంత, మంచుపూత ఏ గంటకు మొదలైంది, ఏ వంతెన ముందు గడ్డకట్టింది. నా పుస్తకంలో మూడు తుపానుల వివరాలున్నాయి. మూడింటిలోనూ మా వీధి సూచనకన్నా రెండు డిగ్రీలు చల్లగానే ఉంది, కాబట్టి ఇప్పుడు గ్రాఫ్‌లో 34 కనిపించినా కుళాయిల ధార వదిలే పడుకుంటున్నాను.